తడిస్తే కనిపించే అక్షరాలు

మా వదిన పోయిన నెలలో ఒక మంగళవారం తెల్లవారుజామున కన్నుమూసింది. పొద్దెక్కకముందే ఆమె ఫ్లెక్సీ మా వీధి మొదట్లో నిలబడింది. తమిళనాడులో మా ధర్మపురి వైపు మనిషి పోతే పాడె కట్టేలోపల ఫ్లెక్సీ కట్టేస్తారు. ఆ బొమ్మను నేను చూడగానే గుర్తుపట్టాను. రెండు చేతులతో ఒక కాగితం పైకెత్తి పట్టుకుని ఉండగా తీసిన ఫోటో అది. ఫ్లెక్సీలో కాగితం లేదు, చేతులూ లేవు. మెడ దాకా కత్తిరించి చుట్టూ రోజాపూలు అతికించారు. కింద పెద్ద అక్షరాలతో "కన్నీటితో, ఊరి ప్రజలు" అని వేశారు.

ఏ కన్నీరు? ఆ కాగితం గురించి చెప్పకపోతే నాకు అన్నం దిగేట్టు లేదు.

నేను నలుగురిలో మాట్లాడే మనిషిని కాను. తమిళ బడిలో ఐదో తరగతి దాకా చదివాను. తెలుగు అక్షరాలు మా నాయన ఇసకలో దిద్దించినవి. మా ఊళ్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే గానీ చదవగలిగినవాళ్లు దాదాపు లేరు. అందుకే ఇక్కడ ఇంత ధైర్యంగా రాస్తున్నాను. ఇదీ పిరికితనమే, నాకు తెలుసు.

వదిన మా అన్న భార్య. పాపిరెడ్డిపట్టి నుంచి టౌను బస్సు దిగి కాస్త నడిస్తే వచ్చే మా ఊరి బడిలో మధ్యాహ్నం పిల్లలకు అన్నం వండేది. వడ్డించే ముందు ప్రతి బిడ్డనూ "ఈ అను" అనేది. పళ్లు చూసేది. పాలపళ్లు పోయి కొత్త పళ్లు వస్తూనే గోధుమరంగు చారలతో వస్తున్నాయి. పప్పు ఎంతసేపు ఉడికించినా వేళ్ల మధ్య నలిగేది కాదు. పెద్దవాళ్లకు మోకాళ్లు పట్టేసేవి, నడుములు వంగేవి. మేమంతా తలరాత అనుకున్నాం. ఆమె ఒక్కతే ట్యాంకు వైపు చూసింది.

బడి పక్కన సిమెంటు ట్యాంకు. బోరు నీళ్లు అందులోకి వస్తాయి. అవే తాగాలి, అవే వండాలి. ఆ నీళ్లను పరీక్ష చేశారా, చేస్తే ఏం తేలిందో చెప్పమని వదిన సమాచార హక్కు కింద అర్జీ పెట్టింది. తమిళంలో రెండో తరగతి చదువు ఆమెది. ఒక్కొక్క అక్షరం ముగ్గు వేసినట్టు వేసేది. పోస్టు రసీదు వక్కాకు సంచిలో మడిచి పెట్టుకునేది. జవాబు లేకపోతే మళ్లీ రాసేది.

"ఎందుకు వదినా ఈ గోల?" అన్నాను ఒకసారి.

"నా కడుపులో పోసేది ఏందో నాకు చెప్పరా అప్పా? మందు సీసా మీద కూడా రాస్తారే!"

ఒకరోజు ఆమె తీర్థమలై గుడికి వెళ్లినప్పుడు పోస్టుమాన్ ఒక కవరు నా చేతికి ఇచ్చాడు. మీద సర్కారు ముద్ర. మా ఇంట్లో సర్కారు కాగితం వస్తే విప్పరు. పట్టా అయినా, కోర్టు నోటీసు అయినా నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ పెట్టి వెంకటేశ్వర స్వామి పటం వెనక దోపుతారు. మంచిరోజు చూసి తెలిసినవాళ్లతో చదివిస్తారు. మా తాత కాలం నుంచీ అంతే. నేనూ అలాగే చేశాను. చేసి, మరిచిపోయాను. ఎనిమిది నెలలు.

ఆ ఎనిమిది నెలలూ పిల్లలు ఆ నీళ్లే తాగారు.

ఆ తర్వాత ధర్మపురిలో ఒక సభ పెట్టారు. మనుషులందరికీ అడిగే హక్కు, తెలుసుకునే హక్కు, భయం లేకుండా చెప్పే హక్కు ఉండాలని దేశదేశాల్లో పనిచేసే సంఘమట. అన్ని అర్జీలు పెట్టిన ముసలామె అని విని వదినను పిలిచారు. బయల్దేరే పొద్దున దండం పెట్టుకోబోతే పటం వెనక కవరు కొస కనిపించింది. తీసుకెళ్లి చేతిలో పెట్టాను. ఆమె పసుపు మరకలు చూసింది. నన్ను చూసింది.

"దేవుడు చదివినాడా అప్పా? ఏం రాసినారంట?"

కవరు సంచిలో పెట్టుకుని బస్సుకు నడిచింది. తిట్టినా బాగుండేది.

లోపలి కాగితం ఇంగ్లీషులో ఉంది. సభలో బ్యానరూ ఇంగ్లీషే. భోజనాల వేళ అక్కడ ఒకరి మాటలు ఇంకో బాసలోకి మార్చి చెప్పే అమ్మాయి ఒకతె దాన్ని మాకు చదివి పెట్టింది. మా పక్క బొమ్మిడి ఊరి పిల్ల, ఇంట్లో తెలుగే.

"అవ్వా, ఈ నీళ్లు తాగేదానికి పనికిరావని రాసినారు. పరీక్ష చేసింది మీరు అర్జీ పెట్టక ముందే."

"ముందే తెలుసునా వాళ్లకి?"

"తెలుసు అవ్వా."

వదిన తింటున్న ఆకు మడిచేసింది. వేదిక మీద ఆమెకు మూడు నిమిషాలు ఇచ్చారు. పసుపు అంటిన ఆ కాగితం పైకెత్తి, "తెలుసుకునే హక్కు నాకుందని అంటున్నారు. సంతోషం. నాకు రాని బాసలో చెప్తే నాకు తెలిసేది ఎట్లా?" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు, శాలువా కప్పారు, ఇంగ్లీషులో చెక్కిన ఒక షీల్డు ఇచ్చారు. బస్సులో నేను సణిగితే నన్నే గదమాయించింది.

"వాళ్లని అనొద్దప్పా. అంత దూరం నుంచి వచ్చి అడిగినారు. మన పక్కింటోడు అడిగినాడా?"

ఊరికి వచ్చి, కాగితం పంచాయతీలో అందరికీ చదివి చెప్పమంది. ఊరి పెద్ద ఆమె కంటే చిన్నవాడు. పొలాలూ పాడీ ఉన్నవాడు.

"అక్కా, కొంచెం మెల్లగా. ఇది బయటపడితే మన ఊరికి పిల్లనెవరు ఇస్తారు? మన పాలు ఎవరు పోయించుకుంటారు?"

"ఇప్పుడు మాత్రం మన పిల్లోళ్ల పళ్లు చూసి ఇస్తున్నారా నాయనా? నోరు మూసుకుని నవ్వమని నేర్పిస్తివా అందరికీ?"

కూర్చున్నవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. కానీ కాగితం ఎవరూ చదవలేదు.

మరుసటి రోజు ఆమె బడి తలుపులకు వేయగా మిగిలిన నీలం పెయింటు తీసుకుని, ముక్కాలి పీట వేసుకుని, ట్యాంకు గోడ మీద తమిళ అక్షరాలతో మూడు వరుసలు రాసింది. ఈ నీళ్లు తాగవద్దు. దీనితో వండవద్దు. ఆఫీసుకు తెలుసు.

సాయంత్రం ఊరి పెద్ద మా గుమ్మంలో నిలబడ్డాడు. "మామా, నీ వదినే కదా. సున్నం నువ్వే కొట్టేయి. వేరేవాడు కొడితే రచ్చ అవుతుంది."

తెల్లారి నేను కొట్టాను. కాదనలేదు, కారణం అడగలేదు. మొదటి పూత వేస్తుంటే వదిన కర్ర పొడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది.

"అంచులు సరిగా కొట్టు అప్పా. సగం పని చేసినావంటారు."

ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే మా ఇంటికి చింతాకు పప్పు పంపింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తను మాత్రం పొలాల అవతలి బావి నుంచి రోజుకో బిందె మోసుకునేది. మోకాళ్లు మొరాయించాక అదీ పోయింది. చివరి సంవత్సరం ఆమె కూడా ట్యాంకు నీళ్లే తాగింది. తాగే ముందు గ్లాసులోకి ఒకసారి చూసి, ముఖం చిట్లించి, అప్పుడు తాగేది.

ఆఫీసు మీద నాకు కోపం. ఫోటో కత్తిరించిన చేతుల మీద కోపం. ఆ చేతులకు అలవాటు నేర్పింది నా సున్నం కుంచెనే. అందుకు ఎవరిని తిట్టను?

పెద్దకర్మ అయిన మర్నాడు నీళ్లకు వెళ్లాను. ఫ్లెక్సీ అప్పుడే ఊడి ఒక మూల వేలాడుతోంది. ఎందుకో ఒళ్లు మండింది. చేతిలోని చెంబెడు నీళ్లు ట్యాంకు గోడకేసి కొట్టాను. తడిసిన సున్నం పలుచబడింది. దాని వెనక నుంచి నీలం అక్షరాలు నెమ్మదిగా లేచి వచ్చాయి. బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు వరుస వదిలి గోడ దగ్గరికి వచ్చారు.

ఇప్పుడు రోజూ పొద్దున వాళ్లు వచ్చే వేళకు వెళ్లి గోడ మీద నీళ్లు పోస్తున్నాను. నిన్న ఊరి పెద్ద బండి ఆపాడు.

"ఏం చేస్తా ఉండావు మామా?"

"గోడ కడుగుతా ఉండాను."

అతను ఇంకేదో అడగబోయి, గోడ చూసి, బండి తీశాడు. ఒకామె ఖాళీ బిందె మళ్లీ చంకన పెట్టుకుని బావి దారి పట్టింది. మిగతావాళ్లు పట్టుకునే వెళ్లారు. ఎండ పైనుంచి కిందికి దిగుతూ గోడను ఆరబెడుతుంది. తాగవద్దన్న మాట ముందు తెల్లబడుతుంది, తర్వాత వండవద్దన్నది. నీళ్లన్నీ కిందికి జారతాయి కాబట్టి అడుగు వరుస మాత్రం ఇంకా కాసేపు నీలంగా అలాగే ఉంటుంది. ఆఫీసుకు తెలుసు.