మా కారుకు నాలుగు తాళాలు

మా ఆయన బ్యాంకులో హెడ్ క్యాషియర్. అక్కడ డబ్బుండే గది ఒక్క తాళంచెవితో తెరుచుకోదు. ఒకటి ఆయన దగ్గర, ఇంకొకటి మేనేజర్ దగ్గర ఉంటుంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తిప్పితేనే తలుపు కదులుతుంది. ఇరవై ఆరేళ్లుగా రోజూ ఆ తలుపు తీసీ తీసీ, ఒక్క మనిషి తీయగలిగే తాళాన్ని ఆయన తాళం కింద లెక్క వేయడమే మానేశారు.

ఛత్రినాకలో మా ఇంటి ముందు గల్లీ ఒక కారు పట్టేంత ఉంటుంది. జహనుమాలో ఉండే మా అక్కకు చూపు మసకబారడం మొదలయ్యాక, ఆసుపత్రులకు తిప్పడానికి పనికొస్తుందని ఒక పాత కారు కొన్నాం. అమ్మినాయన ఒకే తాళంచెవి ఇచ్చాడు. రెండోది ఎప్పుడో పోయిందట. ముందు ఇంకోటి చేయిద్దామని నేను ఆ రోజే అన్నాను. రెండో తాళంచెవి అంటే దొంగకు మనమే పంపిన పిలుపు అని మా ఆయన ఒప్పుకోలేదు. బదులుగా ఇంకా తాళాలు కొన్నారు.

కారు మీద కప్పే కవర్‌కు గొలుసు, దానికి ఒక తాళం. ముందు చక్రానికి పసుపు రంగు ఇనుప పట్టీ, దానికి ఒకటి. డోర్‌ది ఎలాగూ ఉంది. లోపల గేరుకు ఇంకొకటి. ఇవి కాక, పైన ఏదైనా పడినా, చెవి లేకుండా డోర్ తీసినా మోగే అలారం. కవరు, చక్రం, డోరు చెవులన్నీ ఒకే రింగుకు వేసి తన దగ్గర పెట్టుకున్నారు. గేరు చెవి మాత్రం నాకు ఇచ్చారు. బ్యాంకు పద్ధతి ఇంటికీ వచ్చింది. నేను ప్రభుత్వాసుపత్రి ల్యాబులో పని చేస్తాను. ఎవరికైనా రక్తం తీస్తుంటే ఆయన ఫోను చేసి, గేరు చెవి భద్రంగా ఉందా అని అడిగిన రోజులున్నాయి.

తన రింగును మాత్రం ఆయన వెంట తీసుకెళ్లేవారు కాదు. జేబుదొంగల భయం. ఇంట్లో దాచి, ఆ చోటును ప్రతి ఆదివారం మార్చి, ఎక్కడ దాచారో ఒక చిన్న డైరీలో గుర్తుగా రాసుకునేవారు. చూడటానికి మాకెవరికీ అనుమతి లేదు.

అక్కకు కంటి ఆపరేషన్ ఒక రోజు మధ్యాహ్నం మూడింటికి ఖాయమైంది. ఆ పొద్దున ఇద్దరం సెలవు పెట్టాం. టిఫిన్ అయ్యాక ఆయన డైరీ తీశారు. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు. తర్వాత, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి, దాన్ని నా చేతికిచ్చారు. అందులో 'ఉ. 3. ప.' అని ఉంది.

"గిదేంది?" అన్నాను.

"గదే యాదికొస్తలేదు," అన్నారు. "దొంగకు తెల్వద్దని గట్ల రాసిన."

ఉ అంటే ఉప్పు కావచ్చు, ఉల్లిగడ్డ కావచ్చు, ఉత్తరం దిక్కు కావచ్చు. ప అంటే పప్పో, పరుపో, పటమో. ఉప్పు డబ్బా బోర్లించాం. కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు మూడూ చాపల మీద పోసి వేళ్లతో గాలించాం. గోడకున్న పటాలన్నీ దించాం. పరుపు కుట్లు కూడా విప్పాం. పోయిన ఏడాది మాయమైన నా ముక్కుపుడక దొరికింది. కారు చెవి దొరకలేదు. ఇవాళ్టికీ దొరకలేదు.

పది దాటాక ఆటో ఎక్కి పత్తర్‌గట్టి బజారుకు వెళ్లాం. రాతి తోరణాల కింద, గడియారాల దుకాణానికీ అత్తర్ల దుకాణానికీ మధ్యన, నిలబడితే నిండిపోయేంత చోటులో ఒక పెద్దాయన తాళాలు చేస్తాడని నాతో పనిచేసే నర్సు చెప్పింది. తెల్ల గడ్డం, కంటికి భూతద్దం, వెనక గోడ నిండా తాళంచెవులు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అంటున్నారు. మేం కూడా అలాగే పిలిచాం.

విషయం విని ఉస్తాద్ మొదట కారు కాగితాలు అడిగాడు, తర్వాత ఆధార్. అవి చూడకుండా చెవి చేయనన్నాడు. కాగితాలు కారులోనే ఉన్నాయి గానీ వాటి నకలు నా ఫోనులో ఉంది. చూపించాను. మా ఇద్దరి ఆధార్ కార్డులూ తీసుకుని, ఫోటోలనూ ముఖాలనూ రెండుసార్లు పోల్చుకున్నాడు. మా ఆయనకు ఆ మనిషి మీద అక్కడికక్కడే గౌరవం పుట్టింది. అయితే నీ ఆధార్ కూడా చూపించు భాయ్ అని అడిగారు. నేను సిగ్గుతో చచ్చాను. ఉస్తాద్ ఏమాత్రం తప్పు పట్టకుండా గల్లా పెట్టె కింద నుంచి కార్డు తీసి ఇచ్చాడు. గాజుల బేరాల జనం తోసుకుంటూ పోతుంటే, ఇద్దరు పెద్దమనుషులు రోడ్డు మీద ఒకరి కార్డు ఒకరు వెలుతురుకు పెట్టి చూసుకున్నారు. తర్వాత ఉస్తాద్ స్కూటర్ తీశాడు. మేం మళ్లీ ఆటోలో, ఆయన మా వెనక.

కారు చుట్టూ ఒకసారి తిరిగాడు ఉస్తాద్. అన్ని తాళాలనూ చూసి, లోపల ఏం పెట్టారమ్మా అని నన్ను అడిగాడు. ఏమీ లేదు, కారు కాగితాలూ ఒక గొడుగూ అన్నాను.

మొదట కవర్ గొలుసు. అది గట్టి ఉక్కుదని, కోయడానికి కూడా రాదని దుకాణంవాడు చెప్పాడని మా ఆయన వివరించడం మొదలుపెట్టారు. ఆ మాట పూర్తయ్యేలోపే తాళం ఉస్తాద్ అరచేతిలో ఉంది. ఆయన దాన్ని మర్యాదగా మా ఆయన చేతిలో పెట్టాడు.

మా ఆయన ముఖం చూస్తే నాకు అర్థమైంది. ఆయన ఉస్తాద్ పక్షాన లేరు. తాళాల పక్షాన ఉన్నారు.

చక్రం పట్టీ దగ్గర ఆయనకు కొంచెం ధైర్యం వచ్చింది. దీనితో అంత తేలిక కాదు భాయ్ అన్నారు. ఉస్తాద్ ఆ తాళాన్ని ముట్టుకోనేలేదు. కింద కూర్చుని టైరులో గాలి తీశాడు. టైరు చప్పబడగానే పట్టీని అటూ ఇటూ ఊపి, తాళం వేసింది వేసినట్టే ఉండగా, చెప్పు విడిచినట్టు జార్చి పక్కన పెట్టాడు. మా ఆయన ఆ పట్టీని ఎత్తి, తాళం లాగి చూశారు. ఇంకా గట్టిగానే ఉంది. దాని తప్పేం లేదని ఉస్తాద్‌తో అన్నారు. ఏం లేదని ఉస్తాద్ కూడా ఒప్పుకున్నాడు. ఎదురింటి నుంచి సైకిల్ పంపు తెచ్చి గాలి నేను కొట్టాను. వాళ్లిద్దరూ అప్పటికే డోర్ దగ్గర ఉన్నారు.

డోర్‌కు మాత్రం సమయం పట్టింది. ఉస్తాద్ సన్నటి పనిముట్టు ఒకటి తాళంచెవి పెట్టే రంధ్రంలో దూర్చి, కళ్లు మూసుకుని, లోపలి పళ్ల లెక్కను వేలితో తడుముతూ చిన్న కాగితం మీద అంకెలు వేసుకుంటున్నాడు. అయిదు నిమిషాలైంది, పదైంది. మా ఆయన చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డారు. రాకపోతే వదిలెయ్యి భాయ్, ఏం ఫికర్ లేదు అని ఎంతో ప్రేమగా అన్నారు. ఇంతలో అక్క ఫోను. బయలుదేరారా అంటే బయలుదేరుతున్నాం అన్నాను. ఇరవయ్యో నిమిషంలో డోర్ తెరుచుకుంది. దాంతోపాటు అలారం మోగింది.

అది మామూలు మోత కాదు. గోడ మీది పావురాలు లేచిపోయాయి. ఉస్తాద్ బానెట్ ఎత్తి ఏదో తీగ పీకేదాకా ఆగలేదు. అంతసేపూ గల్లీలో ఒక్క తలుపు తెరుచుకోలేదు, ఒక్కరూ బయటికి రాలేదు. కూరగాయల బండి ఆయన మా పక్క నుంచే తోసుకుపోతూ, కొంచెం జరగమన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషి మా కారు పగలగొడుతున్నట్టే ఉంది దృశ్యం. మా ఆయన అది తట్టుకోలేకపోయారు. ఎదురింటి తలుపు తట్టి, అలారం మోగినా ఎందుకు రాలేదని ఆమెను నిలదీశారు.

"నీ కారే గదన్నా," అందామె. "పిల్లి ఎక్కినా మోగుతది, వాన పడ్డా మోగుతది. ఎన్నిసార్లు రావాలె?"

ఆయన తిరిగొచ్చి మెట్టు మీద కూర్చున్నారు. ఆయన్ను చూస్తే పాపం అనిపించింది.

ఇక మిగిలింది గేరు తాళం. దాని చెవి నా పర్సులోనే ఉంది. ఆ రోజు ఆ కారుకు ఉన్న ఒకే ఒక్క చెవి అది. తీసి ఇవ్వబోతే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు. ముందు అది లేకుండ వస్తదో రాదో చూడనీ."

"మూడింటికి అక్కకు ఆపరేషనున్నది."

"గదొక్కటే మిగిలిందే," అన్నారు మెల్లగా.

ఉస్తాద్ నన్ను చూశాడు, ఆయన్ను చూశాడు. లోపలికి వంగి, గేరు తాళాన్ని రెండు నిమిషాలు అటూ ఇటూ కదిపి, ఇది చాలా మంచి తాళం సాబ్, నా వల్ల కాదు అన్నాడు. మా ఆయన లేచి నిలబడ్డారు. ముఖం వెలిగిపోయింది. నేను చెవి పెట్టి తిప్పాను. ఉస్తాద్ అబద్ధం చెప్పాడని నేను మా ఆయనకు ఈ రోజు వరకూ చెప్పలేదు.

తర్వాత మా కిటికీలోంచి కరెంటు తీగ లాగి, స్కూటర్ మీది మిషన్‌తో చెవి కోశాడు. చెవి తల లోపల చిన్న చిప్ ఉంటుందనీ, దాన్ని కారు గుర్తుపడితేనే ఇంజన్ అందుకుంటుందనీ చెప్పాడు. స్టీరింగ్ కింద ఒక యంత్రం తగిలించి, పాత చెవిని కారు మరిచిపోయేలా చేశాడు. ఇక పాతది ఎవరికి దొరికినా, దాంతో బండి స్టార్ట్ కాదట. మా ఆయన ఇది విని మొదట సంతోషించారు, తర్వాత అనుమానపడ్డారు. మరి నువ్వు నీకోసం ఇంకొకటి చేసుకోలేదని ఏం నమ్మకం అన్నారు. ఉస్తాద్ యంత్రం తెర చూపించాడు. కారుకు ఒకే చెవి తెలుసని ఉంది. రెండోది కూడా చేస్తా, ఈ అమ్మ దగ్గర ఉంచండి అని నన్ను చూపించాడు. మా ఆయన తటపటాయించారు.

"మీ ఇంటికి ఎన్ని తాళాలు భాయ్?" అని అడిగారు.

"మా ఇంటికి తాళం లేదు సాబ్. పదకొండు మందిమి ఉంటం. ఎవరో ఒకరు ఇంట్లనే ఉంటరు."

మా ఆయన ఎవరూ లేని మా ఇంటి తలుపు వైపు చూశారు. చివరికి రెండోది చేయమన్నారు.

జహనుమా చేరేసరికి రెండున్నర. అక్క ఇంట్లో లేదు. మా మాట మీద నమ్మకం పోయి, ఒంటరిగా ఆటో ఎక్కి వెళ్లిపోయింది. మేం ఆసుపత్రికి పరుగెత్తేసరికి ఆకుపచ్చ టోపీ పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంది. కారు ఏడ బెట్టిన్రు అని అడిగింది. గేటు దగ్గర అన్నాం. తాళం వేశారా అంది. తొందరలో వేయలేదు. మా ఆయన వెనక్కి ఉరికారు. ఆపరేషన్ బాగా జరిగింది. కారు కూడా అక్కడే ఉంది.

నేను అనుకోనిది ఆ తర్వాత జరిగింది. తర్వాతి ఆదివారం మా ఆయన ఏదీ దాచలేదు. పత్తర్‌గట్టికి వెళ్లారు. ఆ పై ఆదివారం కూడా. ఉస్తాద్ పక్కన స్టూలు వేసుకుని, ఉక్కు తాళం ఒడిలో పెట్టుకుని, అది ఎలా ఓడిపోయిందో నేర్చుకుంటున్నారని నాకు ఆలస్యంగా తెలిసింది. నాలుగు నెలలకు మామూలు తాళాలు ఆయన చేతిలో నిలవడం మానేశాయి.

మొన్న గల్లీ చివరి ఇంటివాళ్లు చెవి లోపలే మరిచి బయట చిక్కుకుపోయారు. మా ఆయన వెళ్లి, రెండు ఇనుప పుల్లలతో నిమిషంలో తలుపు తీసి వచ్చారు. వాళ్లు ఆయనకు చాయ్ ఇచ్చి, దండం పెట్టి, మా ఇంటి దాకా వచ్చి దిగబెట్టారు. తెల్లారి చూస్తే ఆ తలుపుకు కొత్త తాళం ఉంది, మునుపటి దానికి రెండింతలు. ఆయన పొద్దున బ్యాంకుకు పోతూ దాని ముందు కాసేపు ఆగి, మంచిది కొన్నారని మెచ్చుకున్నారు.