యుద్ధ స్తంభం దగ్గరి మలుపు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వానలు వెనకబట్టిన రోజుల్లో, నన్ను మైదాన ప్రాంతం నుంచి ఏజెన్సీకి బదిలీ చేశారు. అప్పుడు నేను రోడ్ల శాఖలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్‌ని. వాడుకలో డీఈ అంటారు. నా పైన ఈఈ, అంటే డివిజన్‌కు పెద్ద. నాకు అప్పగించిన మొదటి పని, అరకు నుంచి హుకుంపేట మీదుగా సీలేరు వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరి కూడలిని వెడల్పు చేయడం. సీలేరు విద్యుత్ కేంద్రానికి పెద్ద యంత్రాలు రావలసి ఉంది. వాటిని మోసే పొడవాటి ట్రైలర్ ఆ కూడలిలో ఎడమకు తిరగాలి.

ఆ ఎడమ మలుపు లోపలి మూలలోనే యుద్ధ స్మారక స్తంభం ఉంది. మనిషి ఎత్తుకు కాస్త మించిన రాతి కట్టడం. సున్నంతో కట్టారు, ముఖాన నల్లరాతి పలక. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ చుట్టుపక్కల గూడేల నుంచి ఎంతమంది వెళ్లారో, ఎంతమంది తిరిగి రాలేదో దాని మీద ఇంగ్లీషులో చెక్కి ఉంది. అంకెలే, పేర్లు లేవు. అలాంటి పలకలు మైదానం ఊళ్లలోనూ కొన్ని చూశాను. కానీ ఈ స్తంభం మొదట్లో, మట్టిలో నిలువుగా పాతిన చిన్న చిన్న రాళ్లు ఉన్నాయి. ఉలి తగలని కొండరాళ్లు. అవి నాకు కొత్త.

డిజైన్ ప్రకారం స్తంభాన్ని తీసి బడి ఆవరణలో తిరిగి కట్టాలి. పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో అది లేదు కాబట్టి పంచాయతీ తీర్మానం చాలు. తీర్మానం కూడా అప్పటికే అయింది. పట్టుబట్టి చేయించింది ప్రకాశం మాస్టారు. ఆ ఊరి బడిలోనే హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, చర్చి పెద్ద.

పని మొదలుపెట్టే ముందు జాయింట్ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. రెవెన్యూ, పంచాయతీ, మేము కలిసి స్థలం మీద నిలబడి ఒక మాట మీదికి రావడం. ఆ రోజు సుత్తితో స్తంభాన్ని మెల్లగా తట్టి చూశాను. బోలు శబ్దం వచ్చింది. లోపలి సున్నం పొడైపోయింది. ఎత్తబోతే అలాగే కూలిపోతుంది. ఆ మాట తహసీల్దారుకు చెబుతుండగా పక్క గూడెం నుంచి కొర్రా సోములమ్మ వచ్చింది. డెబ్బై దాటిన గదబ తెగ రైతు. కాఫీ, చోళ్లు (రాగులు) పండిస్తుంది.

"ఏటి సేత్తన్నారమ్మా మా తాత కాడ?" అని అడిగింది.

తన తాత ఆ యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదని చెప్పింది. ఎముక కూడా దక్కలేదు. చచ్చినవారికి రాయి నిలబెట్టడం వాళ్ల ఆచారం. తమ గూడెంలో నిలబెడితే ఆయనకు తెలియదేమోనని, దొరలు ఆయన కోసం కట్టిన స్తంభం మొదట్లోనే రాయి పాతారు. మిగతా గూడేల వాళ్లూ అలాగే చేశారు. పాతిన రాయిని లేపితే చావును మళ్లీ ఇంటికి పిలిచినట్టే.

"మా తాత తుపాకీ ఒట్టుకోనేదమ్మా. ఏదో దేశంలో రోడ్లెయ్యడానికి ఎల్లాడంట. మీరూ ఆ పనోళ్లే గదా. రోడ్డు కోసమని ఆయన్ని లేపీగలరా?"

అక్కడే ఉన్న ప్రకాశం మాస్టారు స్తంభం అంచు మీది గీతలు చూపించారు. "మా తాత కూడా అదే కూలీల దళంలో వెళ్లారు మేడం. ఆయన తిరిగొచ్చారు. దీని మీద నాకు మాత్రం మమకారం లేదా? లారీలు ఇప్పటికే రెండుసార్లు రాసుకుపోయాయి. ఇక్కడే ఉంచితే ఏదో ఒకనాడు ముక్కలవుతుంది. అప్పుడు ఈమెకీ ఉండదు, నాకూ ఉండదు."

ఇద్దరి మాటా నిజమే.

పొడవాటి బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. స్తంభానికి ప్రమాదం వాటితోనే. ముందు భాగాన్ని బయటి వైపుకు ఎక్కువగా పోనిస్తే వెనక చక్రం మూలకు దూరంగా ఉంటుంది. బయటి వైపు ఉన్నది మా శాఖ ట్రావెలర్స్ బంగళా. దాని ప్రహరీని వెనక్కి జరిపితే చోటు దొరకవచ్చు. ఈఈగారికి ఫోన్ చేశాను.

"ఊరి రాయి కోసం మన గోడ కూలుస్తామంటారా?" అన్నారాయన. చివరికి, బండితో తిప్పి చూపిస్తే డిజైన్ మార్పుకు ఒప్పుకుంటానని, లేకపోతే సోమవారం స్తంభం తీసే పని మొదలుపెట్టాలని చెప్పారు.

రవాణా కాంట్రాక్టరు ఖాళీ ట్రైలర్ ఒకటి దారి చూసుకోవడానికి వచ్చి ఉంది. దాన్ని సంత మైదానానికి రప్పించాను. కూడలి కొలతల ప్రకారం సున్నంతో గీతలు గీయించి, స్తంభం ఉండే చోట ఖాళీ తారు డ్రమ్ములు పెట్టించాను. జరపబోయే ప్రహరీ గీత వెంట వెదురు గడలు పాతించాం. ఊరు సగం అక్కడే ఉంది.

మొదటిసారి వెనక చక్రం డ్రమ్మును నలిపేసింది. ఆ చప్పుడుకు సోములమ్మ కళ్లు మూసుకుంది.

డ్రైవర్ సింహాచలం, పార్వతీపురం మనిషి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆపీమంటారా మేడం?" అన్నాడు.

నేను వెళ్లి చక్రాల జాడలు చూశాను. బయట మేం ఇచ్చిన చోటు సగం వాడకుండానే అతను తిప్పేశాడు. ఎందుకని అడిగితే, "ఘాట్‌లో అటుపక్క లోయుంటాది గదండీ. అలవాటయిపోనాది" అన్నాడు. ముందు బంపర్ వెదుళ్లకు ఆనబోయేదాకా స్టీరింగ్ తిప్పొద్దని చెప్పి, నేనే వెళ్లి వెదుళ్ల పక్కన నిలబడ్డాను.

రెండోసారి బండి నా మీదికే వస్తున్నట్టు వచ్చి, తిరిగింది. వెనక చక్రం డ్రమ్ము పక్కన ఉండగా ఆపమన్నాను. సోములమ్మ ముందుకెళ్లి సందులో చెయ్యి పెట్టింది. తర్వాత తానే ఆ సందులో అడ్డంగా దూరి అవతలికి వెళ్లింది.

"మనిసి పడతాదమ్మా!" అని అరిచింది.

జనం నవ్వారు. మరో రెండుసార్లు తిప్పించాను. రెండుసార్లూ డ్రమ్ము నిలిచే ఉంది. ప్రకాశం మాస్టారు నా దగ్గరికి వచ్చి, స్తంభం చుట్టూ నేను గట్టి గార్డు రాళ్లు వేయిస్తానంటే తీర్మానం మార్పిస్తానన్నారు. ఎస్టిమేట్‌లో చేరుస్తానన్నాను.

ఈఈగారు మాట నిలబెట్టుకున్నారు. ప్రహరీ వెనక్కి జరిగింది. స్తంభం సందులను మళ్లీ సున్నంతోనే నింపించాం. సిమెంటు పెడితే లోపలి తేమ బయటికి పోలేక పాత రాయి పగులుతుంది. చిన్న రాళ్లను ఎవరూ తాకలేదు. చలికాలంలో యంత్రంతో ట్రైలర్ వచ్చింది. సింహాచలమే నడిపాడు. గార్డు రాళ్లకు కూడా తగలకుండా మలుపు దాటించి హారన్ కొట్టాడు. ఆ మధ్యాహ్నం బంగళాలో కూర్చుని రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను. చాలా రోజుల తర్వాత తిండి రుచి తెలిసింది.

స్మారకం విలువను రాతి వయసును బట్టి, చెక్కిన అక్షరాలను బట్టి అంచనా వేయడం మా శాఖలో అలవాటు. అది నిలబడిన చోటు కూడా ఆ విలువలో భాగమని ఈ పనిలో తెలుసుకున్నాను. తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి ప్రతిపాదనలోనూ, దేన్నయినా కదిపే ముందు అక్కడికి ఎవరు వస్తారో, ఎందుకు వస్తారో కనుక్కుని ఒక పేరా రాయమనేదాన్ని. చాలాసార్లు 'ఎవరూ రారు' అని ఉండేది. అలాంటి కట్టడాలను తీసేయించాను.