పూజ అల్మారాలో గద్ద సీసా

మొన్న యాంటిక్ షాపులో లేతనీలం గాజు సీసా చూడగానే, ఎనభైల్లో అమెరికాలో, ఎడిసన్‌లోని మా ఇంటి పూజ అల్మారా గుర్తొచ్చింది. అలాంటిదే అమ్మ ఎవరో ఇంటిముందు పాత సామాన్లు అమ్ముతున్న గరాజ్ సేల్‌లో కొని, గంగాజలం పోసి, కర్పూరం డబ్బా పక్కన పెట్టింది. గాజులోంచి ఉబ్బి, రెక్కలు చాపిన గద్ద. "గరుత్మంతుడు, దండం పెట్టుకో" అనేది. వెనకవైపు జులపాల తాత. గరుడవాహనం ఉంది కాబట్టి విష్ణుమూర్తే అనుకుని, స్పెల్లింగ్ టెస్టుల ముందు ఆయనకే మొక్కేదాన్ని. క్లాసు గోడమీదా ఆయన పటమే ఉంటే, మా టీచరూ భక్తురాలే అనుకున్నాను.

షాపులో ఈ సీసాకి కట్టిన చీటీమీద "మొదటి ప్రెసిడెంట్ బొమ్మ, పాత విస్కీ సీసా" అని ఉంది. అమ్మకి ఫోన్ చేశాను.

"తెలుసే, అమ్మినావిడ అప్పుడే చెప్పింది. గంగ పోశాక ఇంకా విస్కీ ఏమిటి?"

"మరి నేను ప్రెసిడెంట్‌కి మొక్కేదాన్ని కదమ్మా."

"అదీ చూశాను. టెస్టులు పాసయ్యావుగా."