మా కుక్కకు ఎవరూ మందు పెట్టలేదు

మా ఊళ్లో ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది. మా తమ్ముడి భార్య మా కుక్కకు మందు పెట్టి తన ఇంటికి తిప్పుకుందని. ఆ మాట మొదట అన్నది నేనే. అది అబద్ధమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది తాడ్వాయి దగ్గర ఊరు. బాపు పోయిన తర్వాత నేనూ తమ్ముడూ వేరుపడ్డాం. పెద్దమనుషులు మా వాకిట్లో కూర్చుని పొలం, బోరు, బర్లు అన్నీ పంచారు. వాకిలి మధ్యలో గోడ పెట్టాలన్నారు. పశువుల కొట్టం తమ్ముడి వైపు పోయింది. అంతా అయ్యాక ఒకాయన కండువా దులుపుకుంటూ అడిగాడు.

"మరి కుక్క ఎవలికి?"

"దాన్నే అడుగుండ్రి" అన్నాడు తమ్ముడు.

ఇద్దరం చెరో గడపలో నిలబడి పిలిచాం. ఆ కుక్క ఆ కొట్టంలోనే పుట్టింది, మా ఇద్దరి చేతుల్లోనూ పెరిగింది. కాసేపు ఇటూ అటూ చూసి, వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. అందరూ నవ్వారు. నా వాటాకు వచ్చినవాటిలో నన్ను కోరి వచ్చింది అదొక్కటే అనిపించింది. తమ్ముడి ముఖం చిన్నబోయింది. అది చూసి లోపల సంతోషించాను కూడా.

ఆ తర్వాత ఏళ్ల తరబడి అది నా వెంటే ఉంది. మక్క చేనుకు అడవి పందులు వస్తే నాకంటే ముందు దానికి తెలిసేది. నా బండి ఊరి మలుపులో ఉండగానే చప్పుడు గుర్తుపట్టి గేటు దాకా ఉరికి వచ్చేది.

పోయిన ఎండాకాలం నుంచి అలా రావడం మానేసింది. దగ్గరికి వెళ్లి గట్టిగా పిలిస్తే తప్ప తల ఎత్తేది కాదు. పొగరెక్కిందనుకున్నాను. పగలంతా పడుకుని, చీకటి పడ్డాక వాకిట్లో గుండ్రంగా తిరిగేది. గిన్నెలో అన్నం ఉండగా గిన్నె పక్కన నేలను నాకేది. కూర నచ్చక అలిగిందని ఇంట్లో నవ్వుకున్నాం. పడుకున్న చోటే తడి చేసుకుంటే బద్ధకమని తిట్టాను. ఒకరోజు పొలం నుంచి వచ్చి దాని తల మీద చెయ్యి వేయబోతే పళ్లు చూపించి గుర్రుమంది. నా చేతి అన్నం తిన్న కుక్క నన్ను చూసి గుర్రుమంది.

ఆ మర్నాటి సాయంత్రమే అది గేటు దాటి, సందు తిరిగి, తమ్ముడి వాకిట్లోకి వెళ్లడం డాబా మీద నుంచి చూశాను. మరదలు పళ్లెంలో అన్నం తెచ్చి దాని ముందు పెట్టింది. మరునాడు కూడా అంతే. అది వెళ్లి ఎక్కడ నిలబడుతోందో నేను పట్టించుకోలేదు. నాకు పళ్లెం ఒక్కటే కనిపించింది.

చాయ్ హోటల్‌లో ఒకడు అందుకున్నాడు. "ఏంది పటేలా, మీ కుక్క పార్టీ మార్చిందట?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "అది మారలే. మందు పెట్టి మార్పించింది, మా తమ్ముని పెండ్లాం" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. మనిషిని తమ వైపు తిప్పుకోవడానికి తిండిలో ఏదో కలిపి పెడతారని మా దిక్కు ఒక నమ్మకం. దాన్నే మందు పెట్టడం అంటారు. ఆ పేరు ఒక ఆడమనిషి మీద పడితే ఆమె చేతి నీళ్లు కూడా తాగరు. ఇవన్నీ ఉత్త మాటలని అప్పటిదాకా నేనే వాదించేవాణ్ని.

ఆ ఏడు బోనాల విందుకు మరదలు పెద్ద గిన్నె నిండా కోడి కూర వండి తెచ్చింది. ఆమె గరిటె పట్టుకుని వరుసలో వస్తుంటే ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు. కడుపు నిండిందన్నారు. గిన్నె అలాగే ఇంటికి తిరిగి వెళ్లింది. నేను మగవాళ్ల వరుసలో కూర్చుని చూశాను. తమ్ముడు కొట్లాటకు రాలేదు, మాట్లాడటం మానేశాడు. నేను కుక్క మెడకు గొలుసు వేశాను. పుట్టినప్పటి నుంచి దాన్ని కట్టేసింది లేదు.

దసరా ముందు ఎల్లారెడ్డి నుంచి మా చెల్లె వచ్చింది. ఆమె అత్త చివరి రోజుల్లో మతి తప్పి ఉంటే ఈమే చూసుకుంది. వచ్చినరోజు సాయంత్రం గొలుసు విప్పి కుక్కను కాసేపు తిరగనిచ్చింది. అది గేటు దగ్గరికి వెళ్లి, తెరుచుకునే వైపు కాకుండా మడతబందులున్న వైపు ముక్కు ఆనించి నిలబడింది. గేటు తెరిచే ఉంది.

"అన్నా, దీనికి తొవ్వ దొరుకుతలేదే" అంది చెల్లె. దాని ముఖం పట్టుకుని వెలుతురుకు తిప్పింది. కళ్ల మీద నీలంగా పొర. "సూపు గూడ పోయింది. ఇది మా అత్త లెక్కనే చేస్తున్నది."

"తమ్ముని ఇంటికి మాత్రం తొవ్వ దొరుకుతది" అన్నాను.

చెల్లె కుక్క వెనకాలే నడిచింది. నన్నూ రమ్మంది. అది గోడ రాసుకుంటూ సందు తిరిగి, తమ్ముడి వాకిట్లో కొత్తగా కట్టిన గది దగ్గరికి పోయి, గోడకు ఎదురుగా నిలబడిపోయింది. ఆ గది ఉన్నచోటే ఒకప్పుడు మా కొట్టం ఉండేది.

"పండుకునేతందుకు వచ్చింది" అంది చెల్లె. "మా అత్త గూడ పొద్దుగూకంగనే మూట కట్టుకొని పుట్టింటికి పోత అనేది. ఆ ఇల్లు కూలి ఎన్నేండ్లాయెనో. చెప్పన్నా, మా అత్తకు ఎవలు మందు పెట్టిండ్రు?"

మర్నాడు కుక్కను కామారెడ్డి పశువుల దవాఖానకు తీసుకువెళ్లాం. ముసలితనం, ఇక నయం కాదు, తిట్టకుండా చూసుకోండి అన్నాడు డాక్టర్. తిరిగొచ్చి నేరుగా ఆ చాయ్ హోటల్‌కే వెళ్లాను. నేనన్నది తప్పని, కుక్కకు మతి పోయిందని, మా మరదలికి ఏ పాపం తెలియదని అందరూ వినేలా చెప్పాను.

"నీకు గూడ పెట్టిందా ఏంది పటేలా?" అన్నాడు అదే మనిషి. ఈసారి అందరూ మనసారా నవ్వారు.

మరదలి దగ్గరికి వెళ్లాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. నీ తప్పేమీ లేదని తెలిసిందన్నాను. ఆమె తల ఎత్తలేదు.

"నేనేం జేయలేదని నాకు చెప్పొస్తున్నవా బావా? నాకు తెల్వదా? ఆకలితోటి నిలవడ్డదని ఒక ముద్ద ఏసిన, గంతే. కలిసున్నన్ని ఏండ్లు నా చేతి అన్నమే తింటివి కద. నీకేమన్న అయిందా?"

కుక్క గుర్రుమన్న నాడు నాకు ఎలా ఉందో, అంతకు ఎన్నో రెట్లు ఈమెకు ఉండి ఉంటుందని అప్పుడు తోచింది. కుక్కకైతే మతి పోయింది.

గొలుసు తీసేశాను. ఇప్పుడు సాయంత్రం కాగానే దాని మెడకు నా తువ్వాల చుట్టి, సందు తిప్పి నేనే తీసుకువెళుతున్నాను. గది గోడ పక్కన తమ్ముడు పాత గోనెసంచి పరిచాడు. మరదలు పళ్లెం తెస్తుంది. నన్ను కూర్చోమనదు. దారిన పోయేవాళ్లు చూడాలని తమ్ముడి గేటు బార్లా తీసిపెడతాను.

మొన్న సందులో నలుగురు ఆడవాళ్లు పోతుండగా, వాళ్లకు వినపడేలా, "నాకు గూడ ఒక ముద్ద పెట్టమ్మా" అన్నాను.

ఆమె సందు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"ముందుగాల వాండ్లను తిననియ్యి బావా. నీ సంగతి తర్వాత."

కుక్క అప్పటికే పళ్లెం వదిలి పక్కన నేలను నాకుతోంది. ఆమె వంగి, పళ్లాన్ని దాని మూతి కిందికి జరిపింది.