మా ఆడపడుచు గెలిచిన పేరు

మా ఆడపడుచుకు చూపు లేదు. గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. ఓ పెద్ద ఆఫీసులో ఫోన్లు కలిపే ఉద్యోగం. కంప్యూటర్ తెర మీద ఉన్నది చదివి వినిపించే ఉచిత ప్రోగ్రాం ఒకటుంది. ఆమె పనంతా దానితోనే. అది మన భాషను ఊపిరి తీసుకోకుండా గడగడా చదివేసేది.

దాన్ని సరిచేసినవాళ్లకు బహుమతి ఇస్తామని ఆ ప్రోగ్రాం నడిపే బృందం ప్రకటించింది. మా ఆయన చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ ఆగాలో ఆమెను అడిగి అడిగి సరిచేశారు. ఆ మార్పులు అందరికీ కనబడేలా నెట్‌లో పెట్టారు. బృందంవాళ్లు పరిశీలించేలోపే ఆయన పోయారు.

కొన్నాళ్లకు కొత్త ప్రోగ్రాం వచ్చింది. వింటూనే ఆడపడుచు కుర్చీలోంచి లేచింది.

"వదినా, ఇది అన్నయ్య పనే!"

పేరు మాత్రం వేరొకడిది. మన భాష ముక్క కూడా రానివాడట. ఆయన మార్పులు తీసుకుని, పైపైన కొంత మార్చి, తనవిగా ఇచ్చాడు. అక్కడ చివర ఇచ్చినవాడి పేరే నిలుస్తుందట.

"పోనీలే అమ్మా, పోయిన మనిషికి పేరెందుకు?" అన్నాను. నాకు దేనిమీదా మనసు లేని రోజులవి.

"ఆయనకి కాదు, నాకు కావాలి. రోజంతా ఆ దొంగ పేరుతో పనిచేయమంటావా?"

ఆమె బృందానికి ఫిర్యాదు పంపింది. "అతనిది చూసిన మాట నిజమే, రాసింది మాత్రం నేనే. గొడవెందుకు, సగం బహుమతి తీసుకోండి" అన్నాడు వాడు.

"సగం అన్నయ్యని నేనేం చేసుకోను?" అంది ఆడపడుచు.

చివరికి అందరినీ వీడియోలో కూర్చోబెట్టారు. "పరీక్ష వాక్యాలు వినిపించండి" అందామె. ప్రోగ్రాం సరిగ్గా చదువుతోందో లేదో చూసుకోవడానికి తయారుచేసినవాళ్లు కొన్ని వాక్యాలు అందులోనే పెడతారు. అర్థం తెలియక వాడు వాటినీ ఎత్తుకుపోయాడు.

కంప్యూటర్ నిదానంగా, ఆగి ఆగి చదివింది: "మీ వదిన మళ్లీ పాలు పొంగించింది. స్టవ్వు తుడిచేదెవరు? నేనే. నవ్వకే చెల్లీ!"

"మీరే రాశారు కదా, అర్థం చెప్పండి" అన్నాడు బృందం పెద్దాయన. వాడు తన కెమెరా ఆపేశాడు.

ఆడపడుచు అర్థం చెప్పి, నా చెయ్యి పట్టుకుని కెమెరా ముందుకు లాగింది. "ఇదిగోండి, పాలు పొంగించే మా వదిన!"

ఆయన పోయాక నేను నవ్వింది ఆ రోజే.

పేరు మార్చారు, బహుమతీ పంపారు. మర్నాడు ఆఫీసులో ఆమె ఇయర్‌ఫోన్లు పీకేసి, సౌండు పెంచి, తయారుచేసినవాళ్ల పేర్లు చదివించిందట. మొదటిది మా ఆయనది.

"కొంచెం తగ్గించండి మేడమ్" అన్నాడట పక్క బల్ల అతను.

"మా అన్నయ్యండీ. తగ్గించను."