వెల్డింగు పెట్టిన చక్రం

ఒక మనిషి పేరు వింటే ఇన్నేళ్లుగా నాకు అన్నం సహించదు. ఎందుకన్నది ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మాది ఎమ్మిగనూరులో కార్ల టైర్ల అంగడి. కోసిగి పక్క పల్లెకు చెందిన నాగప్ప కుర్రవయసులో మా దగ్గరే టైర్లు మోశాడు. నన్ను 'అయ్యా' అనేవాడు. తర్వాత బెంగళూరుకు పోయి, డ్రైవరై, పాత కారొకటి కొనుక్కొని తిరిగొచ్చాడు. మంత్రాలయం యాత్రికులను తిప్పేవాడు. ఒకరోజు అంగడికొచ్చి, నేను కూర్చోమనకముందే నా ఎదుట కుర్చీలో కూర్చున్నాడు.

"అన్నా, బండి డీజిలు శానా తాగుతాండాది. తేలిక అల్లాయ్ చక్రాలు ఏసుకునేదా, ఉన్నవాటికే గాలి ఎదురు కొట్టకుండా చదును మూతలు బిగించుకునేదా?"

'అన్నా' అన్నాడు. గిరాకీల ముందు.

జవాబు నాకు తెలుసు. ఊళ్లో ఆగి ఆగి పోయే బండికైతే తేలిక చక్రం లాభం. అతనివి ఆగకుండా సాగే దూరాలు, పైగా గుంతల రోడ్లు. గట్టి ఇనుప చక్రాలుంచుకొని మూతలు వేసుకుంటే చాలు. చెప్పలేదు. మూలన పడి ఉన్న తేలిక చక్రాలు చూపించాను. వాటిలో ఒకటి పగిలితే వెల్డింగు పెట్టించి రంగు కొట్టించినది. తుక్కుకు వేయాల్సినది. దాన్ని ముందువైపు నేనే దగ్గరుండి బిగించాను. అతను చావాలని కోరుకున్నానా? లేదనే అనుకుంటాను. దారిలో బండి కూలబడి, యాత్రికుల ముందు తలదించుకుంటే చాలనుకున్నాను. విరిగిన చక్రం ఎవరి మీదికి పోతుందన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదా, వస్తే నేనే తోసేశానా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పత్తికొండ దగ్గర అది విరిగింది. బండి బోల్తా పడింది. అతని పక్కన పుట్టింటికి బయలుదేరిన భార్య ఈరమ్మ ఉంది. అక్కడికక్కడే పోయింది.

పరామర్శకు వెళ్లాను. నిజానికి ఆ చక్రం ఏమైందో కనుక్కోవడానికి వెళ్లాను. బండితోపాటే తుక్కువాళ్లు తీసుకుపోయారట. నా మనసు కుదుటపడింది. నాగప్ప నా చేతులు పట్టుకున్నాడు.

"నేనే సంపుకుంటినన్నా. నిదానంగా పో అని అది మొత్తుకుంటానే ఉండె. నేను ఇనలేదు. చక్రం తప్పేమీ లేదు గదన్నా?"

అడిగాడు. నా కళ్లలోకి చూస్తూ అడిగాడు.

"చక్రానికేమప్పా, కొత్తదాని మాదిరి ఉండె. నువ్వే స్పీడు పోయింటావు."

తల ఊపాడు. నేను లేచి వచ్చేశాను.

ఆ తర్వాత అతను స్టీరింగు ముట్టలేదు. ఏటా పత్తి తీసే కూలీలతో వలస పోతున్నాడు. కూతురు అమ్మమ్మ ఇంట్లో పెరిగింది. తల్లిని చంపినోడని తండ్రితో మాట్లాడదట. ఈరమ్మ తమ్ముడు నా అంగడి ముందే ఆ మాట అన్నాడు. అయ్యో అన్నాను.

మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి ఊరు నాకు దూరమూ కాదు. పోలేదు. పోతానని కూడా చెప్పలేను. ఈరమ్మను చంపింది ఆమె మొగుడు కాదు, నేను. ఈ మాట మొదటిసారి రాశాను. ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.