ఒక్కటంటే ఒక్క రివెట్

మా పక్కింటి రెయినో కాంగస్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. పెరట్లో అడుగుపెట్టిన ప్రతి మనిషి చేతిలోనూ ఒక ఇనుప దిమ్మ పెట్టి పడవ కిందకి తోసేవాడు. ఉత్తరాలు తెచ్చినవాడైనా, గ్యాస్ ట్యాంకు నింపడానికి వచ్చినవాడైనా, ఓట్లడగడానికి కోటు వేసుకొచ్చిన పెద్దమనిషైనా ఆయనకి తేడా లేదు.

"సమయానికి దేవుడిలా వచ్చారు! ఒక్క రివెట్. ఒక్కటంటే ఒక్కటి" అనేవాడు.

ఆ ఒక్కటి ఏనాడూ ఒక్కటితో ఆగలేదు. పొద్దున పదింటికి పడవ కింద దూరిన మనిషి మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరితే అదృష్టవంతుడనే చెప్పుకోవాలి. ఓట్ల పెద్దమనిషి కోటు మోచేతుల దగ్గర నల్లగా మారింది. అయినా ఆయన వెళ్తూ వెళ్తూ రెయినో చేతులు పట్టుకుని ఊపాడు. ఓటు సంగతి అడగడం మర్చిపోయాడు.

అది పద్నాలుగు అడుగుల పాత అల్యూమినియం చేపల పడవ. మా సరస్సు చుట్టూ ఉన్న ప్రతి ఇంటి వెనకా అలాంటిది ఒకటి బోర్లా పడి ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ రివెట్లు వదులై లోపలికి నీళ్ళు చేరతాయి. అప్పుడు పాత రివెట్లు డ్రిల్లుతో తీసేసి కొత్తవి దిగ్గొట్టాలి. పడవని బోర్లించి స్టాండ్ల మీద పెడితే, పైనుంచి ఒకరు రివెట్ తలమీద సుత్తితో కొట్టాలి. లోపల ఇంకొకరు దాని తోకకి దిమ్మ ఆనించి పట్టుకోవాలి. అప్పుడే తోక నలిగి గట్టిగా కూర్చుంటుంది. ఎంత మొనగాడైనా ఒకేసారి రెండు వైపులా ఉండలేడు కదా.

నేను బడి వంటశాలలో ముప్ఫై ఏళ్ళు నాలుగు వందల మంది పిల్లలకి వడ్డించిన మనిషిని. నాకు నాన్చుడు గిట్టదు. ఒకరోజు కంచె మీదుగా అడిగేశాను.

"పెద్దాయనా, ఒక్కడే వేసుకోగలిగే రివెట్లు ఊళ్ళో కొట్లో డబ్బాలకి డబ్బాలున్నాయి. ఊరందర్నీ ఎందుకు చంపుకు తింటారు?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఒక్కడే వేసుకునేదాన్ని రివెట్ అనరు ఆర్డిస్ అమ్మాయ్. చొక్కా గుండీ అంటారు."

అప్పటికి నాకు అరవై రెండేళ్ళు. ఎనభై దాటని ప్రతి ఆడమనిషీ ఆయనకి అమ్మాయే.

దీనికో పద్ధతి కూడా ఉండేది. పని జరుగుతున్నంతసేపూ లోపలివాళ్ళు నోరెత్తకూడదు. మాట్లాడితే చెయ్యి కదులుతుందట. చెప్పాల్సింది దిమ్మతో పడవ గోడ మీద కొట్టి చెప్పాలి. ఒకసారి కొడితే ఇంకా దిగలేదని, రెండుసార్లు కొడితే బాగా కూర్చుందని, మూడుసార్లు కొడితే పాడైంది, తీసి మళ్ళీ వెయ్యాలని. ఎండ తగలకుండా పడవ చుట్టూ టార్పాలిన్ వేలాడదీసేవాడు. లోపల కూర్చుంటే ఖాళీ చిల్లుల్లోంచి పడే వెలుతురు తప్ప బయట ఏముందో, ఎవరున్నారో తెలిసేది కాదు.

మూడు వారాలుగా ప్రార్థనకి ఎందుకు రాలేదని రెయినోని నిలదీయడానికి పాస్టర్ హాల్వర్సన్ ఓసారి వచ్చాడు. రెండు గంటలు దిమ్మ పట్టుకుని, పాకుతూ బయటికొచ్చి, "పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఇంతసేపు నోరు మూసుకుని కూర్చోలేదు. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!" అన్నాడు. తరువాతి ఆదివారం ఆయన ప్రసంగం తొమ్మిది నిమిషాల్లో ముగిసింది. ఊరంతా రెయినోకి దణ్ణం పెట్టుకుంది.

ఆ సుత్తి మోత ఆదివారం మధ్యాహ్నం కునుకు పట్టనివ్వడం లేదని నేనే పోలీసులకి ఫోన్ చేశాను. గోర్డీ అనే ఆఫీసరు వచ్చాడు. రెయినోకి నాలుగు చీవాట్లు పడతాయని కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఐదు నిమిషాలకి గోర్డీ టోపీ కంచె మీద వేలాడుతోంది, గోర్డీ పడవ కింద ఉన్నాడు. అప్పటిదాకా ఒక సుత్తే మోగేది, ఇప్పుడు దానికి ప్రభుత్వం తోడయింది.

బాతుల వ్యవహారం చెప్పకపోతే మా ఊరివాళ్ళు నన్ను క్షమించరు. అందరూ పడవని నీళ్ళలో పెడతారు. రెయినో పడవలో నీళ్ళు పెట్టేవాడు. పడవని ట్రైలర్ మీదకెక్కించి, పైపుతో నీళ్ళు పట్టి, తను కింద వెల్లకిలా పడుకుని, ఎక్కడెక్కడ చుక్క కారుతోందో ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టేవాడు. ఒక వసంతంలో అలా నింపిన నీళ్ళలో రెండు బాతులు దిగాయి. పది అడుగుల అవతల సరస్సు పెట్టుకుని వాటికి ఈ పడవే నచ్చింది. తొమ్మిది రోజులున్నాయి.

"తరిమెయ్యండి పెద్దాయనా."

"అతిథుల్ని తరుముతామా అమ్మాయ్? పైగా ఈ పడవ తేలుతుందని నమ్మింది ఊళ్ళో ఆ రెండే."

నవ్వకండి. అంతా చెబుతున్నాను గానీ, ఒక సంగతి దాటేశాను. ఆ పడవ మా నాన్నది.

నేనూ, నాకంటే రెండేళ్ళు చిన్నదైన మా చెల్లెలు మార్లిస్, ఆ పడవలోనే పెరిగాం. చేపలు బెదురుతాయని నాన్న మమ్మల్ని నోరెత్తనిచ్చేవాడు కాదు. అందుకని గోరుతో పడవ గోడ మీద కొట్టుకునేవాళ్ళం. టిక్ టిక్, కాస్త ఆగి మళ్ళీ టిక్. బిస్కెట్ ఉందా అని దానర్థం. అమ్మ చేసిన అల్లం బిస్కెట్ల డబ్బా ఎప్పుడూ నా కాళ్ళ దగ్గరే ఉండేది. ఒక్క టిక్ అంటే ఉందని. నాన్న చూడకుండా బిస్కెట్ చేతులు మారేది.

నాన్న పోయాక ఆ పడవ మా వాకిట్లో ఉండిపోయింది. బాగుచేయించదు, అమ్మనివ్వదు, అక్కడే ఉండాలంటుంది మార్లిస్. చివరి రెండేళ్ళూ నాన్నని చూసుకున్నది నేను. ఒకరోజు మాటా మాటా పెరిగింది. మర్నాడు పొద్దున్నే పడవని రోడ్డు పక్కకి ఈడ్చి, అట్టముక్క మీద "ఉచితం" అని రాసి తగిలించాను. పదకొండింటికల్లా రెయినో దాన్ని తన పెరట్లోకి లాక్కుపోయాడు. పన్నెండింటికి మార్లిస్ వచ్చింది.

"పడవేదే అక్కా?"

"ఇచ్చేశాను."

అంతే. వచ్చిన దారినే వెళ్ళిపోయింది. రెయినో ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్ళి పడవ తీసుకెళ్ళమన్నాడట. "మా అక్క విసిరేసింది నేను ఏరుకోను" అందట. తరువాత తొమ్మిదేళ్ళు మా మధ్య మాటల్లేవు. ఊళ్ళో ఉన్నది ఒకే కిరాణా కొట్టు. ఆమె పాల దగ్గరుంటే, వెళ్ళేదాకా నేను కుక్క బిస్కెట్ల దగ్గర నిలబడేదాన్ని. నాకు కుక్క లేదు. ఆ కొట్టు ఓనరు మాత్రం మీ కుక్క ఎలా ఉందండీ అని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాడు.

పోయిన అక్టోబరులో రెయినో కంచె దగ్గరికొచ్చాడు. ఎప్పటి పాటే. నేను వెళ్ళి పడవ కింద దూరి దిమ్మ పట్టుకున్నాను. పైన సుత్తి మొదలైంది. ఆయన దెబ్బ బరువుగా, తీరుబడిగా పడుతుంది. ఇది అలా లేదు. చిన్న చిన్న దెబ్బలు, కోపంగా, గబగబా పడుతున్నాయి. ఇంకెవరో దొరికార్లే అనుకున్నాను. రివెట్ తోక తడిమి, బాగుందని రెండుసార్లు కొట్టాను.

పైన సుత్తి ఆగింది. తరువాత సుత్తి కొసతో, చాలా మెల్లగా, టిక్ టిక్. ఆగి, టిక్.

పైన ఉన్నది మార్లిస్. యాభై ఏళ్ళ తరువాత విన్నాను ఆ చప్పుడు. ఒక్క టిక్ చాలు. చేతిలో దిమ్మ ఉంది, జానెడు దూరంలో గోడ ఉంది. నేను కొట్టలేదు. ఏమని చెప్పను, అహంకారం తప్ప ఇంకో కారణం లేదు. దిమ్మని గడ్డిలో పడేసి, రెండో వైపు టార్పాలిన్ ఎత్తుకుని, దొంగలా ఇంటికి పాకిపోయాను.

సాయంత్రం రెయినో నా తలుపు కొట్టాడు.

"దిమ్మ గడ్డిలో పడేసి పోయావేంటమ్మాయ్? తుప్పు పట్టదూ?" ఆగి అన్నాడు, "ఆ పిల్ల ఇరవై నిమిషాలు సుత్తి పట్టుకుని అలాగే నిలబడింది."

"మీ దిమ్మా వద్దు, మీ పడవా వద్దు. ఇంకోసారి నన్ను పిలవకండి" అని తలుపేసేశాను.

ఆయన మళ్ళీ పిలవలేదు. మంచు పడింది. జనవరిలో ఒక పొద్దున, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నేను ఆయనతో అన్న చివరి మాట అదే. దాన్ని వెనక్కి తీసుకోవడానికి మూడు నెలలున్నాయి, నాలుగడుగుల కంచె తప్ప అడ్డేమీ లేదు, అయినా తీసుకోలేదు.

అంత్యక్రియల రోజు చర్చి కింది హాల్లో భోజనాలు. హామ్ శాండ్‌విచ్‌లు, ఆలుగడ్డలు పేర్చి ఓవెన్‌లో కాల్చిన హాట్‌డిష్, కాఫీ. మార్లిస్ ఆ మూల, నేను ఈ మూల. ఇల్లు అమ్మేసిందనీ, మే నెలలో కూతురి దగ్గరికి ఆరిజోనా వెళ్ళిపోతోందనీ పక్క బల్ల వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. శాండ్‌విచ్ పళ్ళెంలోనే వదిలేశాను.

గోర్డీ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఆ పడవ నాలుగేళ్ళ కిందటే పూర్తయిపోయింది ఆర్డిస్, తెలుసా?"

"ఏంటి నువ్వనేది? మొన్నటిదాకా కొడుతూనే ఉన్నాడుగా!"

"మీరు కంప్లెయింట్ ఇచ్చిన వారమే మా ఆవిడ ఇల్లొదిలి వెళ్ళిపోయింది. ఊరంతా నన్ను అదే అడుగుతోంది. ఈయనొక్కడే ఏమీ అడక్కుండా దిమ్మ చేతికిచ్చాడు. లోపల కూర్చుని కడుపారా ఏడ్చాను. సుత్తి మోతలో ఎవరికి వినపడుతుంది? మర్నాడు మళ్ళీ వెళ్తే, నేను వేసిన రివెట్‌నే డ్రిల్లుతో పీకుతున్నాడు. ఇదేంటి, బాగానే కూర్చుందిగా అన్నాను. 'ఎవరికీ చెప్పకోయ్. గురువారం గ్యాస్ అతను వస్తాడు. మొన్నే వాళ్ళమ్మ పోయింది. అతనికో చిల్లు ఉండాలిగా' అన్నాడు."

నాలుగేళ్ళు! పొద్దున సుత్తి, సాయంత్రం డ్రిల్లు. బాగున్న రివెట్లు పీకుతూ కూర్చున్నాడు ఆ మహానుభావుడు. నేను కిటికీలు మూసుకుని తిట్టుకున్నది ఆ డ్రిల్లునే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

గోర్డీ కోటు జేబులోంచి ఒక పాత కాఫీ డబ్బా తీశాడు. "నవంబరులో నాకిచ్చి దాచమన్నాడు." డబ్బాకి టేపు అంటించి ఉంది. టేపు మీద ఆర్డిస్, మార్లిస్ అని రెండు పేర్లు. లోపల పదకొండు రివెట్లు.

మంచు కరిగాక వెళ్ళి చూశాను. పడవ అడుగున ఒకే వరసలో పదకొండు చిల్లులున్నాయి. చుట్టూ ఎర్ర పెన్సిల్ సున్నాలు లేవు. అంటే అవి కారినవి కావు, ఆయన పనిగట్టుకుని తీసినవి.

చేపల వేటకి సీజను తెరిచే శనివారానికి రెండు రోజులుంది. సోమవారం మార్లిస్ ప్రయాణం. గురువారం మధ్యాహ్నం నేను రెయినో పెరట్లోంచి దిమ్మ తీసుకుని ఆమె ఇంటికెళ్ళాను. తలుపు తీసింది. వెనకాల హాలంతా అట్టపెట్టెలు. దారిపొడుగునా ఎన్నో మాటలు కూడబలుక్కున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. దిమ్మ చూపించాను.

"ఒక్క రివెట్" అన్నాను. "ఒక్కటంటే ఒక్కటి."

మార్లిస్ నా మొహం చూసింది, దిమ్మ చూసింది. "మళ్ళీ పారిపోవుగా?"

పారిపోనని తలూపాను. "ఆ రోజు లోపల ఉన్నది నేనని నీకెలా తెలుసే?"

"నువ్వు కూర్చుంటే మోకాలు టప్పుమంటుందిగా. టార్పాలిన్ వేస్తే మాత్రం వినపడదా?" అంటూ కోటు తగిలించుకుంది. "సుత్తి నాది. కిందకి దూరాల్సింది నువ్వే. పడవని రోడ్డు మీద పెట్టింది నువ్వు కాబట్టి."

"తప్పయిపోయిందే, మార్లిస్."

"తొమ్మిదేళ్ళకి అన్నావు. పద, ఎండ పోతుంది."

పది రివెట్లు వేశాం. ఇరవై మాటలు కూడా అనుకుని ఉండం. ఒక్కో రివెట్ పడేకొద్దీ లోపల ఒక్కో వెలుతురు చుక్క ఆరిపోతూ వచ్చింది. చివరిది మిగిలినప్పుడు పైన సుత్తి ఆగింది. టిక్ టిక్. ఆగి, టిక్.

ఈసారి నేను ఆలస్యం చెయ్యలేదు. ఒక్కసారి కొట్టి, ఏప్రన్ జేబులోంచి అల్లం బిస్కెట్ తీసి టార్పాలిన్ కిందనుంచి బయటికి చాపాను. వేళ్ళు తగిలాయి. బిస్కెట్ వెళ్ళిపోయింది. పైన నములుతున్న చప్పుడు. "అమ్మ చేసినంత బాలేదు" అంది. తిన్నది మాత్రం నాలుగు.

పదకొండో రివెట్ దిగింది. తోక తడిమి చూశాను. గుండ్రంగా, నున్నగా, తొమ్మిదేళ్ళలో ఆ పడవలో ఏ రివెట్టూ అంత బాగా కూర్చుని ఉండదు. రెండుసార్లు కొడితే పని అయిపోతుంది. ఆమె సుత్తి కింద పెట్టి, చేతులు దులుపుకుని, అట్టపెట్టెల దగ్గరికి వెళ్ళిపోతుంది.

నేను మూడుసార్లు కొట్టాను.

పైన వేళ్ళతో రివెట్ తల తడిమిన చప్పుడు.

"అబద్ధాలాడకే అక్కా! బాగా కూర్చుందని నా చేతికి తెలియదా?"

"పాడైందంటే పాడైంది. తీసి మళ్ళీ వెయ్యి."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. ఒక్కటంటే ఒక్కటి."

పైన డ్రిల్లు మొదలైంది.